తాండాలో అంగడికి అప్పు ఎక్కడ పుడుతుంది?

(సేవాలాల్ జయంతి సందర్భంగా బేతంచెర్లలో గిరిజన యువతీయువకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉపన్యాసకులం కాదు. గిరిజన బాలికల వసతి గృహాల్లో వార్డెన్ పని చేస్తూ వచ్చాం. బీఈడీ చేసింది లెక్కల్లో కాబట్టి సాయంత్రం స్టడీ అవర్‌లో లెక్కలు చెప్పడం అలవాటైంది. ‘యువతకు స్వయం ఉపాధి, రుణ సదుపాయాలు’ అని కార్డు మీద వేశారు. అంత పెద్ద మాట మాకు చేతకాదు. ఎనిమిదో తరగతిలో మీరు చదివిన బారువడ్డీ, చక్రవడ్డీ పాఠమే మళ్లీ చెబుతాం. అప్పుడు మార్కుల కోసం విన్నారు, ఇప్పుడు మీ డబ్బు కోసం వినండి.

ముందొక మాట. వ్యాపారం మన కులానికి అబ్బదని మనవాళ్లే అంటుంటారు. సుగాలీల పెద్దలు చేసిందేమిటి? ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊరూరా తిరిగి అమ్మడమే కదా. తాండా అంటే అప్పట్లో ఇళ్ల వరుస కాదు, ఆ ఎడ్ల బిడారు. రైలు వచ్చాక ఎద్దు మీద సరుకు మోయించుకునేవాడు లేకపోయాడు. ఈ బేతంచెర్ల స్టేషన్‌లో ఆగే గుంతకల్లు రైలుకు టికెట్టు కొని ఎక్కుతున్నాం గానీ, అలాంటి రైళ్లే మన వ్యాపారాన్ని మింగాయని మరిచిపోయాం. ఆ తర్వాత తెల్లదొరల చట్టం మనవాళ్లను, ఎరుకలవాళ్లను నేరస్త జాతుల జాబితాలో చేర్చింది. నేరస్తుడని ముద్ర వేసిన మనిషికి అప్పు ఎవరిస్తారు? మనకు పోయింది వ్యాపార తెలివి కాదు, అప్పు పుట్టే నమ్మకం. ఈరోజు దాన్ని బ్యాంకు భాషలో సిబిల్ స్కోరు అంటున్నారు.

ఇప్పుడు ఒక అమ్మాయి సంగతి. పేరు చెప్పం. ఆమె ఒప్పుకున్నాకే చెబుతున్నాం. మా హాస్టల్లో ఇంటర్ దాకా ఉండి, కుట్టుపని నేర్చుకుంది. జూన్‌లో బడి యూనిఫారాలు కుట్టే పని పట్టుకోవాలని, ఒక మోటారు మిషను, ఒక ఓవర్‌లాక్ మిషను కొనాలని ఆశ. మా దగ్గరికి వచ్చి అడిగింది. మేము పెద్ద తెలిసినవాళ్లలా, “సబ్సిడీ లోన్ వస్తుందమ్మా, దరఖాస్తు పెట్టు, తొందరపడొద్దు” అన్నాం. ఆ పిల్ల మా మాట విని దరఖాస్తు పెట్టి కూర్చుంది. ఒక జూన్ పోయింది. ఇంకో జూన్ వచ్చింది. ఫైలు ఎక్కడుందో ఎవరికీ తెలియదు. సీజన్ మళ్లీ పోతుందని భయపడి రోజువారీ ఫైనాన్స్‌లో డబ్బు తీసుకుంది. ఆ విషయం మాతో చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, “మీరు తిడతారని మేడమ్” అంది తర్వాత.

ఆ ఫైనాన్స్ లెక్క బోర్డు మీద వేద్దాం. కాగితంలో పదివేలు అని రాస్తారు. చేతికి తొమ్మిది వేలు ఇస్తారు. రోజుకు నూరు రూపాయలు, నూరు రోజులు కట్టాలి. “వెయ్యి రూపాయలేగా మేడమ్, పది శాతమే” అంటారు పిల్లలు. కాదు. మొదటి రోజు నీ చేతిలో తొమ్మిది వేలున్నాయి. యాభయ్యో రోజుకు సగం తిరిగి కట్టేశావు. చివరి రోజుకు ఏమీ లేదు. అంటే సగటున నీ దగ్గరున్నది నాలుగున్నర వేలే. నాలుగున్నర వేలను నూరు రోజులు వాడుకున్నందుకు వెయ్యి కట్టావు. ఏడాదికి లెక్కిస్తే నూటికి సుమారు ఎనభై. మన ఊరి భాషలో నెలకు ఆరు రూపాయల వడ్డీ దాటింది. తాండాలో మూడు రూపాయల వడ్డీ అంటేనే “అమ్మో” అంటాం. దీన్ని మాత్రం చిల్లరగా కడతాం గనక బరువు తెలియదు.

వడ్డీ ఒక్కటే కాదు ఆమెను ముంచింది. తీసుకున్న మర్నాటి నుంచే కట్టాలి. యూనిఫారం డబ్బు కుట్టి ఇచ్చిన తర్వాత, బడివాళ్లు బిల్లు చేసిన తర్వాత వస్తుంది. రోజూ వచ్చే కూరగాయల బండికి రోజూ కట్టే అప్పు కనీసం మోయడానికి పనికొస్తుంది. రెండు నెలలకు గానీ డబ్బు రాని పనికి అది ఉరి. ఒకదాన్ని కట్టడానికి ఇంకొకటి తీసుకుంది. ఓవర్‌లాక్ మిషను సగం ధరకు అమ్మేసి, ఆ జనవరిలో అమ్మతో కలిసి గుంటూరు వైపు మిరపకాయల కోతకు పోయింది. ఇంటర్ చదివిన పిల్ల. మేము ఆ సంగతి విన్న రోజు అన్నం సహించలేదు. తప్పు ఫైనాన్స్‌వాడిది ఎంతో, ‘సబ్సిడీ కోసం ఆగు’ అన్న మాది కూడా అంత.

అందుకే ఈ వేదిక మీద చెబుతున్నాం: సబ్సిడీ కోసం వ్యాపారం పెట్టకండి. సబ్సిడీ వస్తే మంచిదే, రాకపోయినా నడిచే లెక్క ఉంటేనే మొదలుపెట్టండి.

మరి ఎక్కడ అడగాలి? మొదట మీ ఇంట్లోనే చూడండి. మీ అమ్మ డ్వాక్రా సంఘంలో ఉంటుంది. నాబార్డ్ 1992లో సంఘాలకు బ్యాంకు అప్పులు మొదలుపెట్టింది. ఆ తర్వాత మన రాష్ట్రంలో అది ఎంత పెరిగిందో మీ అమ్మకు తెలిసినంత మాకు తెలియదు. సంఘం పొదుపులోంచి ఇచ్చే అంతర్గత అప్పు ఉంది, బ్యాంకు లింకేజీ ఉంది, స్త్రీనిధి ఉంది. చిన్న మొత్తానికి ఇంతకంటే చౌకగా, ఇంతకంటే దగ్గరగా దొరికేది ఇంకొకటి కనిపించదు. చిక్కు ఏమిటంటే ఆ అప్పు అమ్మ పేరున ఉంటుంది. నువ్వు కట్టకపోతే పది మంది ఆడవాళ్ల ముందు తల దించుకునేది ఆమె. సంఘం డబ్బు తీసుకుని ఫోను మార్చిన మగపిల్లలు ఈ హాల్లోనే ఉన్నారు. నవ్వొద్దు, మాకు తెలుసు.

రెండోది ముద్ర. 2015 ఏప్రిల్‌లో మొదలైంది. శిశు అంటే 50 వేల దాకా, కిశోర్ అంటే 5 లక్షల దాకా, తరుణ్ అంటే 10 లక్షల దాకా. తరుణ్ తీసుకుని సరిగ్గా తీర్చినవాళ్లకు ఇప్పుడు 20 లక్షల దాకా ఇంకో మెట్టు పెట్టారు. తాకట్టు అక్కర్లేదు. మన తాండాల్లో సగం ఇళ్లకు కాగితాలు సరిగా లేవు, ఉన్న పొలం డి-పట్టా. కాబట్టి తాకట్టు లేదన్న మాట మనకు చాలా పెద్దది. ముద్ర అనే ఆఫీసు ఏదీ మీకు డబ్బు ఇవ్వదు. ఇచ్చేది మీ బ్యాంకే. ‘ముద్ర లోన్ మంజూరైంది, రెండు వేలు కట్టండి’ అని ఫోన్ వస్తే అది మోసం. సైబర్ మోసాల నంబరు 1930.

లెక్క చూడండి. 50 వేలు, పన్నెండు శాతం వడ్డీ, మూడేళ్లు అనుకుందాం. నెలకు 1,660 రూపాయలు కట్టాలి. మూడేళ్లకు కలిపి వడ్డీ పదివేల లోపే. పన్నెండు శాతమంటే నూటికి నెలకు రూపాయి వడ్డీ. అయితే ‘ఫ్లాట్’ అన్న మాట వినిపిస్తే చెవులు నిక్కబొడుచుకోండి. పది శాతం ఫ్లాట్ అంటే మీరు ఎంత తీర్చినా వడ్డీ మొదటి అసలు మీదే వేస్తారు. మూడేళ్ల అప్పుకు అది తగ్గే బాకీ లెక్కన దాదాపు 18 శాతం. టూ వీలర్ షోరూముల్లో మీలో చాలామంది ఈ దెబ్బ తిన్నారు.

మూడోది పీఎంఈజీపీ. ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ నడిపేది, 2008 నుంచి ఉంది. ఎస్టీలకు, గ్రామాల్లో పెట్టే యూనిట్‌కు 35 శాతం సబ్సిడీ. మన చేతి డబ్బు 5 శాతం. ఉత్పత్తి యూనిట్‌కు 50 లక్షల దాకా, సేవల యూనిట్‌కు 20 లక్షల దాకా ప్రాజెక్టు పెట్టొచ్చు. మన ఊళ్లో బండల ఫ్యాక్టరీల్లో పదేళ్లు పాలిష్ పట్టిన కుర్రాళ్లు “మనమే ఒక కటింగ్ మిషన్ పెట్టుకుంటే?” అని అడుగుతుంటారు. మంచి ప్రశ్నే. రాయి పని తెలిసిన చెయ్యి మీది. పది లక్షల ప్రాజెక్టు అనుకోండి. మీరు 50 వేలు తేవాలి. మూడున్నర లక్షల సబ్సిడీ. మిగిలిన ఆరు లక్షలు మీరు తీర్చాల్సిన అప్పు. ఆ మూడున్నర లక్షలు మీ చేతికి రావు. బ్యాంకులోనే మూడేళ్లు డిపాజిట్టుగా ఉంటాయి. దానికి వడ్డీ రాదు, అంత మేర అప్పుకు వడ్డీ పడదు. యూనిట్ నడుస్తోందని చూసుకున్నాకే అప్పులో జమ చేస్తారు. ఈ సంగతి చెప్పకుండా ‘మూడున్నర లక్షలు ఫ్రీ’ అని దళారులు తిరుగుతుంటారు. అందులో వాళ్ల వాటా అడుగుతారు కూడా. ఉత్పత్తికి 10 లక్షలు, సేవలకు 5 లక్షలు దాటితే ఎనిమిదో తరగతి పాసై ఉండాలి. అందుకే ఎనిమిదిలో బడి మానేసిన తమ్ముళ్లను ఓపెన్ స్కూల్లో కట్టమని మేము పోరుతున్నాం.

జాతీయ ఎస్టీ ఆర్థిక సంస్థది ఒక పథకం ఆడవాళ్లకుంది, ఆదివాసీ మహిళా సశక్తీకరణ్ యోజన అంటారు. రెండు లక్షల దాకా ఖర్చయ్యే పనికి 90 శాతం అప్పు, ఏడాదికి 4 శాతం వడ్డీ. చౌకే. ఇలాంటివి అమలు సంస్థల ద్వారా వస్తాయి. వచ్చినప్పుడు వస్తాయి. దరఖాస్తు పెట్టండి, దాని మీద ఆశ పెట్టుకుని సీజన్ పోగొట్టుకోవద్దు. ఆ మాట చెప్పే హక్కు మాకు ఎలా వచ్చిందో పైన చెప్పాం కదా.

బ్యాంకులో “రేపు రా” అంటారు. రేపు పోతే మేనేజరు సెలవు. ఇక్కడ ఒక విషయం రాసుకోండి. ఎస్సీ, ఎస్టీల అప్పు దరఖాస్తును బ్రాంచిలోనే కొట్టేయకూడదు, పై స్థాయి అధికారి చూడాలి, కారణం స్పష్టంగా రాయాలి అని రిజర్వు బ్యాంకు బ్యాంకులకు చెప్పింది. చిన్న యూనిట్లకు 10 లక్షల లోపు అప్పుకు తాకట్టు అడగకూడదని కూడా చెప్పింది. కాబట్టి నోటితో అడగొద్దు. కాగితం ఇవ్వండి, తీసుకున్నట్టు ముద్ర వేయించుకోండి. కాదంటే కారణం రాసిమ్మనండి. గొంతు పెంచక్కర్లేదు, “సార్, రాసియ్యండి” అంటే చాలు. ముప్పై రోజులకు జవాబు లేకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు, 14448కి ఫోన్ చేస్తే ఎలాగో చెబుతారు. అన్నట్టు, మన గ్రామీణ బ్యాంకు పేరు మారింది. ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు 2025 మే 1 నుంచి మిగతా మూడింటితో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయింది. బోర్డు మారిందని కంగారుపడి ఎవరో మా హాస్టల్‌కు పరిగెత్తుకొచ్చారు. మీ ఖాతా ఎక్కడికీ పోలేదు.

ఫోన్‌లో అప్పు యాప్‌ల గురించి మీకే మాకంటే బాగా తెలుసు. రిజర్వు బ్యాంకు 2022లో నియమాలు పెట్టింది: డబ్బు నేరుగా మీ ఖాతాకే రావాలి, మొత్తం ఖర్చు ఎంతో ముందే ఒక కాగితంలో చూపాలి, మీ ఫోన్‌లోని నంబర్లు, ఫోటోలు తీసుకోకూడదు. కాంటాక్ట్స్‌కు అనుమతి అడిగిన యాప్‌ను అక్కడే తీసేయండి.

ఎరుకల కాలనీ పిల్లలకు ఒక ముచ్చట. బంగ్లాదేశ్‌లో జోబ్రా అనే ఊళ్లో 1976లో మహమ్మద్ యూనస్ అనే ఆర్థిక శాస్త్రం అయ్యవారు వెదురు పీటలు అల్లే ఆడవాళ్లను చూశాడు. వెదురుకు డబ్బు లేక వ్యాపారి దగ్గర తెచ్చుకుని, వాడు చెప్పిన ధరకే వాడికే అమ్మేవాళ్లు. ఊళ్లో 42 మందికి కావాల్సిన మొత్తం సొమ్ము 27 డాలర్లని తేలింది. జేబులోంచి ఇచ్చాడు. అలా మొదలైన ఆలోచనే గ్రామీణ్ బ్యాంకు. మీ అవ్వ బుట్టలు, చేటలు అల్లి ఎవరికి అమ్ముతోంది, వెదురు ఎవరిస్తున్నారు, ఇంటికి పోయి అడగండి. అదే ఆలోచన మన రాష్ట్రానికి వచ్చి, కంపెనీల చేతుల్లో పడి, ఒకే ఇంటికి నాలుగు కంపెనీలు అప్పులిచ్చి, 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సినంత దూరం పోయింది. అప్పుల బాధతో ప్రాణాలు తీసుకున్న ఆడవాళ్ల వార్తలు ఆ ఏడు రోజూ చదివాం. అప్పు పుట్టకపోవడం ఎంత కష్టమో, అడక్కుండానే పుట్టడం కూడా అంతే.

మా అమ్మాయి దగ్గరికి వస్తాం. కోత నుంచి వచ్చాక ఆరు నెలలు మాతో మాట్లాడలేదు. తర్వాత వాళ్లమ్మ సంఘంలో ముప్పై వేలు ఇప్పించింది. అందులో పన్నెండు వేలు పాత ఫైనాన్స్‌కే పోయాయి. మిగిలిన డబ్బుతో ఒకే ఒక్క మిషను పెట్టి జాకెట్లు కుడుతోంది. యూనిఫారాల పని ఇంకా పట్టలేదు. వచ్చిన ప్రతి రూపాయీ ఒక నోటు పుస్తకంలో రాస్తోంది. పోయిన నెల ఆ పుస్తకం మా ముందు పెట్టి, “మేడమ్, దీన్ని చూపిస్తే శిశు ఇస్తారా?” అని అడిగింది. పుస్తకం ఒక్కటే చాలదమ్మా, ఆ డబ్బు నెల నెలా బ్యాంకు ఖాతాలో పడాలి, ఫోన్‌పేలో వచ్చింది ఖాతాలో కనిపిస్తుంది, చేతికి వచ్చింది కనిపించదు అన్నాం. అప్పటి నుంచి వారానికోసారి పోయి జమ చేస్తోంది. ఓవర్‌లాక్ మిషనుకు కొటేషన్ తెచ్చుకుంది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ కూడా చేసుకుంది. మొదటిసారి ఇంటర్నెట్ సెంటరులో ఐదు వందలు అడిగారట. పిల్లలూ, ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు ఫీజు లేదు. ఆధార్, దానికి లింకైన ఫోన్ నంబరు, పాన్ ఉంటే చాలు.

పద్దెనిమిది దాటినవాళ్లకు జిల్లాలో ఆర్‌సెటి శిక్షణ ఉంటుంది. బ్యాంకులే నడుపుతాయి, ఉండటానికి, తినడానికి కూడా డబ్బు తీసుకోరు. పని నేర్పుతారు, ప్రాజెక్టు కాగితం రాయడం కూడా నేర్పుతారు. సెల్‌ఫోన్ రిపేరు అనుకునే మగపిల్లలు నాలుగు రీల్స్ చూసి అంగడి తెరవకుండా ముందు అక్కడికి పోండి.

భోజనాలు ఇంకో అరగంటకు గానీ కావని వంటవాళ్లు చెప్పారు. ఆధార్, పాన్ తెచ్చుకున్నవాళ్లు వేదిక ఎడమ పక్కకు రండి, మా లాప్‌టాప్ ఉంది, ఉద్యమ్ చేసి ఇస్తాం. ఆ కుట్టుపని అమ్మాయి కూడా అక్కడే కూర్చుంటుంది, ఫారాలు నింపడం ఆమే చూపిస్తుంది. ఫోను నంబరు ఆధార్‌కు లింకు కానివాళ్లు ఈరోజు ఊరికే పేరు రాయించి పోండి, సోమవారం సచివాలయానికి పోయి లింకు చేయించుకుని హాస్టల్‌కు రండి. సాయంత్రం ఐదు తర్వాత, స్టడీ అవర్ మొదలయ్యేలోపల.