ఆధాసీసీ - నమ్మవలసిన జబ్బు
(సంఘము వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఆరోగ్యము గురించి నాలుగు మాటలు చెప్పవలసిందిగా కార్యదర్శి గారు మమ్ములను కోరినారు. మేము డాక్టరులము కాము. ఉర్దూ మీడియం బడిలో పిల్లలకు పాఠాలు చెప్పుకునే వారము. అయితే ఒక జబ్బుతో ఇరవై ఏండ్లుగా కాపురము చేస్తున్నాము గనుక దాని గుణము కొంత తెలుసు. మన ఇండ్లలో దానిని ఆధాసీసీ అంటారు. యునానీ హకీములు షఖీఖా అంటారు. తెలుగులో పార్శ్వపు నొప్పి, ఇంగ్లీషులో మైగ్రేను. ఈ పేర్లన్నీ సగము తల నొప్పి గురించే చెప్తాయి. కాని ఈ జబ్బు నొప్పి ఒక్కటే కాదు. చూపును, మనస్సును కూడ మార్చివేస్తుంది. ఈ రోజు ఆ సంగతే చెప్పదలచినాము.

ఇది గలవారిలో సుమారు నలుగురిలో ఒకరికి నొప్పికి ముందు చూపు మారుతుంది. మొదట చదువుతున్న చోట ఒక చిన్న మచ్చ. అక్కడి అక్షరము కనబడదు. తరువాత ఆ మచ్చ అంచున రంపపు పండ్ల వంటి వెలుగు గీత మెరుస్తూ, వణుకుతూ, వంపు తిరిగి పెద్దదవుతుంది. కండ్లు మూసుకున్నా పోదు. ఒక కన్ను మూసి చూడండి, మళ్ళీ రెండవది మూసి చూడండి - రెండింటిలోను ఒక్క చోటనే కనబడుతుంది. అంటే తప్పు కంటిది కాదు, మెదడులో చూపుకు సంబంధించిన భాగములో జరిగే వ్యవహారము. ఐదు నిమిషాల నుండి గంట లోపల ఆ వెలుగు పోతుంది, తరువాత నొప్పి మొదలవుతుంది. కొందరికి నొప్పి రానే రాదు.

రెండు లిపులు చదివే మా వంటి వారికి ఇందులో ఒక వింత ఉన్నది. మచ్చ కుడి వైపున వస్తే తెలుగు పంక్తిలో రాబోయే మాట మాయమవుతుంది. ఎడమ వైపున వస్తే ఉర్దూ పంక్తిలో రాబోయే మాట మాయమవుతుంది. బోర్డు మీద మేము వ్రాసిన మాటే మాకు సగము కనబడదు. పిల్లలు మా ముఖము చూస్తూ ఉంటారు.

ఇక మనస్సు సంగతి. నొప్పికి ఒక రోజు ముందు నుండే కొందరికి ఆవులింతలు, మెడ పట్టివేయడము, కారణము లేని చిరాకు. ఆ సమయములో బాగా తెలిసిన పేరు కూడ నోటికి రాదు. రోజూ చూసే గదే కొత్త చోటులాగ తోస్తుంది. అరుదుగా కొందరికి తమ చెయ్యి పెద్దదైనట్లు, ఎదుటి మనిషి చిన్నవాడైనట్లు కూడ కనబడుతుంది. నొప్పి తగ్గిన తరువాత ఒక దినము బుర్ర ఖాళీగా ఉంటుంది. ఇదంతా తెలియని ఇంటివారు ఏమంటారు? ఒకరు నజర్ తగిలిందంటారు, ఒకరు అసర్ అంటారు, ఒకరు పని తప్పించుకొనే నటన అంటారు. రోగి మాత్రము తనకు మతి చలించిందేమోనని లోలోపల భయపడి నోరు విప్పడు. నొప్పి కంటె ఈ భయమే ఎక్కువ బాధ అని మా అనుభవము.

ఆ భయము అక్కరలేదు. ఇంగ్లండులో గ్రీనిచ్ నక్షత్రశాల అధిపతి జార్జి ఎయిరీ తనకు కనబడిన ఈ వెలుగు గురించి 1865లో ప్రచురించినాడు. ఆయన కుమారుడు హ్యూబర్ట్‌కు కూడ ఇదే ఉండేది. అతడు వైద్యుడు, 1870లో దాని బొమ్మలు గీసి ప్రకటించినాడు. కోట గోడల వలె ఉన్నదని దానికి ఒక పేరు కూడ పెట్టినాడు. 1941లో లాష్లీ అనే శాస్త్రజ్ఞుడు తన కంటి ముందు మచ్చ ఎంత వేగముతో పెరుగుతున్నదో గీసుకొని, మెదడు మీద ఏదో ఒక అల నిమిషానికి సుమారు 3 మిల్లీమీటర్లు ప్రాకుతున్నదని లెక్క కట్టినాడు. 1944లో లియావో అనే ఆయన అటువంటి అలను కుందేళ్ళ మెదడులో చూచినాడు. 2001లో మనుష్యుల మెదడులోనే స్కానింగు ద్వారా దాని జాడ చూచినారు. నక్షత్రాలు లెక్కించిన మనిషికి మతి చలించలేదు గదా! తండ్రీ కొడుకులిద్దరికీ ఉండడము కూడ గమనించండి. ఈ జబ్బు తరచు కుటుంబములో దిగివస్తుంది.

మా తరగతిలో ఒక అమ్మాయి పరీక్షల రోజుల్లో "హరఫులు విరిగిపోతున్నాయి సార్" అని ఏడ్చింది. వాళ్ళ అమ్మీ వచ్చి, చదవక పోవడానికి సాకు అన్నది. మేము కాపీ వెనుక అట్ట మీద ఆ రంపపు గీత గీసి చూపినాము. పిల్ల చూచి, "ఇదే సార్, మీకెట్ల తెలుసు?" అన్నది. ఆ తల్లి కాసేపు మాట్లాడలేదు. తరువాత, "నాకూ చిన్నప్పటి నుండి ఇట్లనే వస్తుంది, ఎవరికీ చెప్పలే" అన్నది.

కాబట్టి మా మనవి ఇది. జబ్బు గలవారు ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకోండి. ఏ తేదీన, ఎన్ని గంటలకు వచ్చింది, ముందు రోజు నిద్ర ఎంత, భోజనము తప్పిందా, ఏ మాత్ర వేసుకున్నారు - ఇవి వ్రాసి డాక్టరుకు చూపండి. నొప్పి మొదట్లోనే వేసుకునే మాత్రలు, తరచుగా వచ్చేవారికి రోజూ వాడి నివారించే మందులు ఉన్నాయి. కాని దుకాణములో కొని నెలకు 15 రోజులు నొప్పి మాత్రలు మ్రింగితే ఆ మాత్రలే తలనొప్పి తెచ్చిపెడతాయి. వెలుగు కనబడే వారు పొగ త్రాగడము మానవలెను. గర్భము రాకుండ మాత్రలు వాడే స్త్రీలు ఈ సంగతి డాక్టరమ్మకు తప్పక చెప్పవలెను. పక్షవాతము వచ్చే అవకాశము వారికి కొంత ఎక్కువ. మొదటిసారి చూపు పోయినా, కాలు చెయ్యి పట్టు తప్పినా, మాట పడిపోయినా, పిడుగు పడ్డట్లు నొప్పి వచ్చినా, ఆధాసీసీయే అనుకొని ఇంట్లో కూర్చోక వెంటనే ఆసుపత్రికి పోవలెను.

రంజాను మొదటి రోజుల్లో మనలో చాలామందికి తల పగులుతుంది. నీళ్ళు, నిద్ర, రోజూ త్రాగే చాయ్ - మూడూ ఒక్కసారి మారడమే అందుకు ముఖ్య కారణము. షాబాను నెలలోనే చాయ్ మెల్లగా తగ్గించండి, సహరీ మానవద్దు. ఉపవాసము భరించలేని రోగికి మినహాయింపు ఉన్నదని అందరము ఎరిగినదే. ఆ సంగతి డాక్టరును, ఆలిమును అడిగి తెలుసుకోండి. దుఆ చేయించుకోవద్దని మేము అనము. దాని కోసము మందు మాత్రము ఆపవద్దంటాము.

ఇంటివారికి ఒక్క మాట. ఆధాసీసీ పురుషుల కంటె స్త్రీలలో రెండు మూడు రెట్లు ఎక్కువ. వంట పొయ్యి ముందు నిలబడిన మనిషి "నాకు కనబడడము లేదు" అంటే వాదము పెట్టుకోవద్దు. పొయ్యి ఆర్పండి, చంకలోని బిడ్డను అందుకోండి, చీకటి గదిలో పడుకోనివ్వండి. ఆ పూట రొట్టె మీరు కాల్చండి. మందు డాక్టరు ఇస్తాడు గాని, నమ్మకము ఇంటివారే ఇవ్వవలెను.