171వ పేరా



ఈ ఉపన్యాసం ఎవరి పేరున జరుగుతోందో ఆ ఫాదర్‌గారి జీవిత విశేషాలు ఆహ్వానపత్రం వెనక అచ్చయి ఉన్నాయి. వాటికి నేను చేర్చగలిగింది తక్కువ. నా వ్యాసం ఏ పత్రికలో వచ్చినా అచ్చుతప్పులు ఎర్రసిరాతో దిద్ది పోస్టులో పంపేవారు. వ్యాసం బాగుందో లేదో మాత్రం ఒక్కసారీ చెప్పలేదు. మామిడిపండును ముక్కలు కోసుకు తినేవాళ్లను ఆయన నమ్మేవారు కాదు. చివరి రోజుల్లో మా ఇద్దరికీ ఒక్క విషయంలో తగాదా నడిచింది. అది తెగకుండానే వెళ్లిపోయారు. ఆయన బదులు చెప్పలేని వేళ, ఆయన పేరున వేసిన వేదిక మీదే దాన్ని మళ్లీ ఎత్తుకోవడం మర్యాదేనా అని కమిటీవారికి అనిపించవచ్చు. ఎత్తుకోకపోతే ఆయనకు కోపం వచ్చేది.

విశ్వాసానికీ ప్రకృతికీ ఉన్న సంబంధం గురించి మామూలుగా చెప్పేవన్నీ మీకు తెలిసినవే. ఆదికాండం మొదటి అధ్యాయంలో దేవుడు మనిషికి భూమి మీద ఏలుబడి ఇచ్చాడు, రెండో అధ్యాయంలో తోటను సాగుచేసి కాపాడమన్నాడు. మొదటిదాన్ని పట్టుకుని 1967లో లిన్ వైట్ అనే చరిత్రకారుడు ‘సైన్స్’ పత్రికలో క్రైస్తవాన్ని బోనెక్కించాడు. ఆ వ్యాసం చివర తానే, పునీత ఫ్రాన్సిస్‌ను పర్యావరణవాదులకు పాలక పునీతుణ్ని చేద్దామన్నాడు. 1979లో పోపు రెండో జాన్‌పాల్ ఆ పని చేశారు. తర్వాత 1990 శాంతిదిన సందేశం, 2008లో వాటికన్ సభామందిరం కప్పు మీద సౌరఫలకాలు, 2015లో పోపు ఫ్రాన్సిస్ విశ్వలేఖ ‘లౌదాతో సీ’, 2023లో దానికి కొనసాగింపు. వీటి మీద కావలసినన్ని పుస్తకాలున్నాయి. దాటేద్దాం.

‘లౌదాతో సీ’లో 246 పేరాలు. తగాదా 171వ పేరా దగ్గర. కార్బన్ క్రెడిట్లు కొనడం, అమ్మడం కొత్తరకం సట్టా వ్యాపారానికి దారితీయవచ్చనీ, ప్రపంచం మొత్తం మీద కాలుష్య వాయువులను అది తగ్గించదనీ, కొన్ని దేశాలూ కొన్ని రంగాలూ తమ మితిమీరిన వాడకాన్ని అలాగే సాగించడానికి సాకుగా మారవచ్చనీ పోపుగారు అందులో అన్నారు. నా దృష్టిలో అది సరైన పేరా. ఫాదర్‌గారి దృష్టిలో అది లెక్కలు తెలియని సలహాదారులెవరో రాయించిన పేరా. ఆయన ఒంటరి కాదు. తర్వాత నోబెల్ అందుకున్న ఆర్థికవేత్త విలియం నోర్డ్‌హాస్ 2015లోనే ‘న్యూయార్క్ రివ్యూ ఆఫ్ బుక్స్’లో, ప్రమాదాన్ని పోపు సరిగ్గానే గుర్తించారు గానీ దాన్ని తప్పించే మార్కెట్ పనిముట్టును చేజార్చుకున్నారని రాశారు. మన క్యాథలిక్ పర్యావరణవేత్తలు చాలామంది ఆ ఒక్క పేరా దగ్గరికి రాగానే గొంతు తగ్గిస్తారు. నాకు విసుగు పుట్టించేది నోర్డ్‌హాస్ కాదు, వీళ్లు.

క్రెడిట్లను సమర్థించేవాళ్ల బలమైన ఉదాహరణ ఆమ్లవర్షాలు. 1990లో అమెరికా చట్టం సవరించి, విద్యుత్ కేంద్రాలు గంధక వాయువు విడుదల హక్కులను పరస్పరం కొనుక్కోవచ్చంది. వాయువు బాగా తగ్గింది. ఒప్పుకుంటాను. కానీ ఎందుకు తగ్గింది? మొత్తం ఇంతకు మించకూడదని చట్టం గీత గీసింది, ప్రతి పొగగొట్టంలోనూ కొలిచే యంత్రం పెట్టింది. అక్కడ కొలిచింది నిజంగా వెలువడిన వాయువును. ఎక్కడో అడవి కాపాడామని, ఇంకెక్కడో వాయువు ఆపామని ఇచ్చే క్రెడిట్ అలాంటిది కాదు. అది జరగని సంగతికి కట్టే లెక్క. మేం లేకపోతే ఇంత అడవి నరికేవారు అనే ఊహ మీద అది నిలబడుతుంది. ఆ ఊహను ఎంత పెంచితే అన్ని క్రెడిట్లు.

క్యోటో ఒప్పందం కింద ఏం జరిగిందో చూడండి. శీతలీకరణ వాయువు తయారుచేసే ఫ్యాక్టరీల్లో హెచ్‌ఎఫ్‌సీ-23 అనే వాయువు వ్యర్థంగా పుడుతుంది. భూమిని వేడెక్కించడంలో అది కార్బన్ డయాక్సైడ్‌కు 11,000 రెట్లకు పైమాటే. దాన్ని కాల్చేస్తే క్రెడిట్లు ఇచ్చారు. కాల్చడానికయ్యే ఖర్చు కంటే క్రెడిట్ల ధర ఎన్నోరెట్లు ఎక్కువ. దాంతో వ్యర్థమే లాభసాటి సరుకై కూర్చుంది. చివరికి 2013లో ఐరోపా ఆ క్రెడిట్లను తన మార్కెట్లోకి రానివ్వడం మానేసింది.

వాటికన్ కూడా ఇందులో వేలు కాల్చుకుంది. 2007లో హంగరీ కంపెనీ ఒకటి అక్కడ అడవి పెంచి వాటికన్ కర్బన భారాన్ని తుడిచేస్తామంది. కార్డినల్ ఒకాయన పత్రం కూడా అందుకున్నారు. మూడేళ్ల తర్వాత విలేకరులు వెళ్లి చూస్తే చెట్లే నాటలేదు. 171వ పేరా వెనక ఈ అనుభవం ఉందని నేను రుజువు చేయలేను. లేదంటే మాత్రం నాకు ఆశ్చర్యమే.

కార్బన్ క్రెడిట్లను మధ్యయుగపు పాపపరిహార పత్రాలతో పోల్చి వెక్కిరించడం ఇప్పుడు అందరికీ అలవాటు. ఆ పోలిక పత్రాలకు అన్యాయం చేస్తుంది. డబ్బు కడితే పాపం పోతుందని శ్రీసభ ఎన్నడూ బోధించలేదు. పశ్చాత్తాపం, పాపసంకీర్తనం ముందు. దోషం క్షమించబడ్డాక మిగిలే శిక్షకే ఆ మినహాయింపు; దండవిమోచన అంటే అదే. టెట్జెల్ లాంటి ప్రచారకులు జర్మనీలో దాన్ని బజారులో పెట్టారు. రాబడిలో సగం పునీత పేతురు దేవాలయానికి, సగం మాయింజ్ అగ్రపీఠాధిపతి ఫుగ్గర్ బ్యాంకుకు పడ్డ బాకీకి. 1517లో లూథర్ నిలదీశాడు. 1563లో ట్రెంట్ మహాసభ ఆ అక్రమార్జనను నిషేధించింది, 1567లో ఐదో పయస్ పోపు డబ్బుతో ముడిపడిన మినహాయింపులన్నీ రద్దుచేశారు. శిక్షకు ధర కడితే ఏమవుతుందో సగం ఐరోపాను పోగొట్టుకుని నేర్చుకున్న సంస్థ ఇది. ఈ విషయంలో దానికి ఆర్థికవేత్తలు పాఠం చెప్పనక్కర్లేదు.

అయితే క్రెడిట్లు కాకపోతే ఇంకేమిటని ఫాదర్‌గారు అడిగేవారు. ఆయన సొంత అల్మారాలోనే జవాబుంది. దొంగిలించినదాన్ని తిరిగివ్వగలిగి కూడా ఇవ్వకపోతే పాపం క్షమించబడదని పునీత అగుస్తీను 153వ లేఖలో రాశాడు. అక్వినాస్ తన ‘సుమ్మా’ రెండో భాగంలో ఒక ప్రశ్నంతా దీనికే కేటాయించాడు: తిరిగివ్వాల్సింది ఎవరి దగ్గర తీసుకున్నావో వాళ్లకే. జక్కయ్య ఆస్తిలో సగం బీదలకిస్తానని ఊరుకోలేదు, మోసపోయినవాళ్లకు నాలుగింతలు వేరుగా ఇస్తానన్నాడు. దానం వేరు, బాకీ తీర్చడం వేరు. ‘లౌదాతో సీ’ 51వ పేరా ఉత్తరాది దేశాలు దక్షిణాదికి పర్యావరణపరంగా బాకీపడ్డాయని చెబుతుంది. 2025 జూబిలీ ప్రకటనలోనూ పోపు ఫ్రాన్సిస్ ఆ బాకీని మళ్లీ ఎత్తారు. విచిత్రమేమిటంటే దండవిమోచన ప్రసక్తి కూడా ఆ పత్రంలోనే ఉంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివినవాళ్లు నాకు కనబడలేదు.

నేను ఇప్పుడు రాస్తున్న పుస్తకం అక్కడ మొదలవుతుంది. రెండో అధ్యాయం అరకు గురించి. 2010 తర్వాత అక్కడి ఆదివాసీ రైతులు సుమారు 60 లక్షల చెట్లు నాటారు. పెట్టుబడి ఐరోపా కంపెనీల నిధిది, బదులుగా క్రెడిట్లు ఆ కంపెనీలకు. ఆ చెట్లు నిజమైనవి, కాఫీ, పండ్ల రాబడి నిజమైనది. నాటడం తప్పని నేననను. అడిగేది ఒకటే: ఎవరికైతే తాము బాకీపడ్డారో వాళ్ల చేతనే చెట్లు నాటించి, తమ ఖాతాలో జమ వేసుకోవచ్చా? అక్వినాస్ ఒప్పుకోడు.

మొదటి అధ్యాయానికి మీ సహాయం కావాలి. దొంగిలించిన సొమ్మును విచారణ గురువు చేతికిచ్చి, పేరు బయటపడకుండా సొంతదారుకు చేర్చే పద్ధతి మన విచారణల్లో, అంటే పారిష్‌ల్లో, ఉండేది. పాపసంకీర్తన రహస్యాలు నాకొద్దు. సొమ్ము అందుకున్నట్టు సొంతదారు రాసిచ్చిన రశీదులు, పాత జమాఖర్చు పుస్తకాలు ఎవరి బీరువాలోనైనా ఉంటే చెదలు పట్టకముందే చూపించండి. జిరాక్స్ తీసుకుని అసలు కాగితాలు పంపేస్తాను.