బంగారు తోరణం చూసిన దొర: థామస్ మన్రో చివరి ప్రయాణం

గొప్పవాళ్ల చివరి మాటలు అనగానే మనకి గాంధీజీనో, సోక్రటీసో గుర్తొస్తారు. ఈరోజు మన అనంతపురం వైపు కథ చెప్తా. చిన్నప్పుడు మా అవ్వ దగ్గర విన్నా, పెద్దయ్యాక పుస్తకాల్లో వెతికా.

కడప జిల్లాలో గండి అని ఒక క్షేత్రం ఉంది. పాపాఘ్ని నది రెండు కొండల్ని చీల్చుకుని వచ్చే చోటు. రాముడికి స్వాగతం చెప్పడానికి అక్కడ కొండకీ కొండకీ మధ్య బంగారు తోరణం కట్టారని నమ్మకం. అది మామూలు కళ్లకి కనపడదు. పుణ్యాత్ములకి, అదీ చావు దగ్గర పడినప్పుడే కనపడుతుందంట.

ఒకరోజు ఒక తెల్లదొర గుర్రం మీద అటు పోతూ తలెత్తి చూసి, ఆ బంగారు తోరణం ఎవరు కట్టారు అని అడిగాడంట. పక్కనోళ్లకి ఏమీ కనపళ్లేదు. ఒక ముసలాయన మాత్రం మొహం వాల్చేసుకున్నాడు. ఎందుకో మీకు అర్థమైపోయి ఉంటుంది. ఆ దొరే సర్ థామస్ మన్రో.

ఇది జనం చెప్పుకునే కథ. ఇప్పుడు చరిత్రకొద్దాం.

మన్రో 1761లో స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో పుట్టాడు. 1780లో కంపెనీ సైన్యంలో క్యాడెట్‌గా మద్రాసులో దిగాడు. 1800లో నిజాం ఈ జిల్లాల్ని కంపెనీకి ఇచ్చేశాడు. అందుకే వీటిని దత్త మండలాలు అన్నారు. వాటికి మన్రో ప్రిన్సిపల్ కలెక్టర్. అనంతపురంలో మకాం పెట్టినా, ఎక్కువ కాలం ఊరూరా తిరుగుతూ గుడారాల్లోనే బతికాడు. పాలెగాళ్లని అణిచేశాడు. భూమి కొలిపించి, మధ్యలో జమీందారు లేకుండా రైతుతోనే నేరుగా లెక్క పెట్టుకునే రైత్వారీ పద్ధతి తెచ్చాడు.

ఆగండి, ఆయన్ని దేవుణ్ణి చేయట్లేదు. ఆయన వచ్చింది శిస్తు వసూలుకే. ఏడేళ్లలో కంపెనీ ఆదాయం బాగా పెంచాడు. వాన పడితే పంట, లేకపోతే వలస అనే నేలలో ఆ శిస్తు చిన్న భారం కాదు. కానీ ఆ సంగతి ఆయనే ఒప్పుకున్నాడు. 1807లో వెళ్లిపోయే ముందు, శిస్తు 25 శాతం తగ్గించాలని, బావి కింద సాగయ్యే భూములకి ఇంకా ఎక్కువ తగ్గించాలని సిఫారసు రాశాడు. పైవాళ్లు అప్పుడు వినలేదు. 1820లో ఆయనే మద్రాసు గవర్నర్‌గా తిరిగొచ్చాక రైత్వారీ మళ్లీ నిలబడింది, శిస్తూ తగ్గింది. నాకు ఈ కథలో అసలు పాయింట్ ఇదే. తను వేసిన లెక్క రైతుకి బరువని తనే రాయడం.

ఇక చివరి ప్రయాణం. 1827 నాటికి ఆయనకి 66 ఏళ్లు. రాజీనామా ఎప్పుడో ఇచ్చేశాడు. కొడుక్కి ఒంట్లో బాగాలేక భార్య జేన్ అప్పటికే ఇంగ్లండ్ వెళ్లిపోయింది. కొత్త గవర్నర్ రావడమే ఆలస్యం. హాయిగా మద్రాసులో కూర్చోవచ్చు. కానీ దత్త మండలాల్ని ఒక్కసారి చూసి పోదామని బయల్దేరాడు. దారిలో కలరా ఉంది. జులై మొదట్లో గుత్తి చేరాడు. వెంట ఉన్న సిపాయిలకి అప్పటికే జబ్బు పాకింది. జులై 6న పత్తికొండ దగ్గర ఆయనకీ పట్టుకుంది. పొద్దున మొదలైంది, రాత్రికి ప్రాణం పోయింది. శవాన్ని గుత్తికి తెచ్చి, మరుసటి రోజు అక్కడే పూడ్చారు. 1831లో అస్థికల్ని మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి మార్చారు.

మద్రాసులో గుర్రం మీద ఆయన విగ్రహం ఉంది. దానికి జీను, రికాబులు ఉండవు, చెన్నై పోతే చూడండి. పత్తికొండలో మాత్రం ఆయన గుర్తుగా బావి తవ్వించి, చెట్ల తోపు పెంచారు. కరువు సీమలో చచ్చిపోయినవాడి పేరు మీద నీళ్లు, నీడ! ఇంతకంటే మంచి విగ్రహం ఏముంటుంది చెప్పండి. జనం అయితే పిల్లలకి మన్రోలప్ప అని పేరు కూడా పెట్టుకున్నారు.

బంగారు తోరణం నిజమా అని అడగొద్దు. వేరే ప్రశ్న అడగండి: శిస్తు వసూలు చేసినవాణ్ణి జనం పుణ్యాత్ముల లెక్కలో ఎందుకు వేశారు? నాకు తోచిన జవాబు ఒక్కటే. ఎండిన నేల మీద బతికేవాళ్లు తమ కష్టం విన్నవాణ్ణి అంత తొందరగా మర్చిపోరు.

మీ ఊళ్లో ఇలా చెప్పుకునే మనిషి ఎవరైనా ఉన్నారా? ఈ సెలవుల్లో మీ అవ్వాతాతల్ని అడిగి, ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుకోండి. వాళ్లతో పాటే ఆ కథలూ పోతాయి. కామెంట్‌లో నాకూ చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటా మరి.