కళాశాల క్రీడలు - డబ్బు - ప్రాధాన్యం
(ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 బళ్ళారి, హోసూరు, బరంపురం, షోలాపూర్, యానాం - ఇంత దూరాల నుంచి మీరంతా శ్రమపడి రావడం ఎంతో సంతోషం.

చదువు గురించి మాట్లాడవలసిన వేదిక మీద ఆటల గురించి మాట్లాడతానంటే కొందరికి ఆశ్చర్యం కలగవచ్చు. మన దరఖాస్తు ఫారంలో మార్కుల గడి కింద 'ఇతర ప్రతిభ' అనే గడి కూడా ఉంది. అందులో క్రికెట్ అని ఉంటే అందరం తల ఊపుతాం. ఫెన్సింగ్ అనో, రోయింగ్ అనో, ఖోఖో అనో ఉంటే 'దీనివల్ల ఏం ప్రయోజనం?' అంటాం. ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. దాతల సొమ్ము ఖర్చు చేసేవారు అడగవలసిన ప్రశ్నే. అయితే జవాబు కోసం రాబడి లెక్క ఒక్కటే చూస్తే ఎక్కడికి చేరతామో, కళాశాల క్రీడల మీద అందరికంటే ఎక్కువ ఖర్చుపెట్టే అమెరికాను చూస్తే తెలుస్తుంది.

అక్కడి పెద్ద విశ్వవిద్యాలయాల్లో సాధారణంగా డబ్బు తెచ్చిపెట్టేవి రెండే ఆటలు. ఒకటి అమెరికన్ ఫుట్‌బాల్, రెండవది పురుషుల బాస్కెట్‌బాల్. టికెట్లు, టెలివిజన్ హక్కులు, విరాళాలు ఎక్కువగా వాటి చుట్టూనే తిరుగుతాయి. కుస్తీ, ఈత, జిమ్నాస్టిక్స్, రోయింగ్ వంటివి ఆ రాబడి మీద, విశ్వవిద్యాలయం ఇచ్చే నిధుల మీద ఆధారపడి నడుస్తాయి. అయినా 2024 పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్ళిన అమెరికా క్రీడాకారుల్లో దాదాపు నాలుగింట మూడు వంతుల మంది కళాశాల జట్లలో ఆడినవారే. అంటే నష్టం ఖాతాలో రాసిన ఆటలే ఆ దేశానికి పతకాలు తెచ్చిపెడుతున్నాయన్నమాట.

ఇప్పుడు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం సంగతి చూడండి. 2020 జూలైలో, కోవిడ్ రోజుల్లో, తమ 36 క్రీడా జట్లలో 11 జట్లను రద్దు చేస్తున్నట్లు అది ప్రకటించింది. కుస్తీ, ఫెన్సింగ్, ఫీల్డ్ హాకీ, పురుషుల వాలీబాల్, పురుషుల రోయింగ్ అందులో ఉన్నాయి. 240 మంది విద్యార్థులు, 22 మంది శిక్షకులు దిక్కుతోచని స్థితిలో పడ్డారు. ఆ 11 ఆటలను శాశ్వతంగా నిలబెట్టాలంటే 20 కోట్ల డాలర్లకు పైగా నిధి కావాలని యాజమాన్యం చెప్పింది. అప్పటికి ఆ విశ్వవిద్యాలయం మూలధన నిధి 2,700 కోట్ల డాలర్లకు పైనే ఉంది.

విద్యార్థులు ఊరుకోలేదు. పూర్వ విద్యార్థులు సంఘంగా ఏర్పడి విరాళాల హామీలు సేకరించారు. కొందరు క్రీడాకారులు కోర్టుకు వెళ్ళారు. 2021 మార్చిలో షేన్ గ్రిఫిత్ అనే కుస్తీ విద్యార్థి, విశ్వవిద్యాలయం గుర్తు లేని నల్ల దుస్తులతో గోదాలోకి దిగి జాతీయ కళాశాలల ఛాంపియన్ అయ్యాడు. చివరకు 2021 మే 18న యాజమాన్యం తన నిర్ణయాన్ని వెనక్కు తీసుకుంది. పదకొండు జట్లూ నిలిచాయి.

అంతటితో కథ సుఖాంతమైందనుకోకండి. 2025 జూన్‌లో అక్కడి న్యాయస్థానం ఆమోదించిన ఒప్పందం ప్రకారం, విశ్వవిద్యాలయాలు తమ క్రీడాకారులకు నేరుగా డబ్బు చెల్లించవచ్చు. తొలి ఏడాదికి ఒక్కొక్క విశ్వవిద్యాలయానికి పరిమితి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. క్రీడాకారుల కష్టానికి ప్రతిఫలం దక్కడం న్యాయమే. కానీ ఆ సొమ్ములో పెద్ద భాగం ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ ఆటగాళ్ళకే పోతుంది. మిగిలిన ఆటల భవిష్యత్తు ఏమిటన్న ఆందోళన మళ్ళీ మొదలైంది.

ఇందులో మనం గమనించవలసినది ఒకటుంది. ఆ 11 ఆటలు పనికిరానివని ఎవరూ అనలేదు. వరుసలో చివర నిలబడ్డాయి, అంతే. కోత వచ్చినప్పుడు చివర ఉన్నవారికే తగులుతుంది. ఆ వరుసను నిర్ణయించేది మనుషులే. 1972లో అదే అమెరికాలో, ప్రభుత్వ నిధులు పొందే విద్యాసంస్థలు ఆడపిల్లల పట్ల వివక్ష చూపరాదని చట్టం వచ్చింది. ఆడపిల్లల ఆటలు లాభం తెచ్చాక కాదు, లాభం తేకముందే వాటికి చోటు దొరికింది.

మన దేశానికి వద్దాం. ఇక్కడ విశ్వవిద్యాలయాల ఆటలకు ఆ స్థాయి టెలివిజన్ డబ్బు లేదు. ఉన్న కొద్దిపాటి నిధుల్లో దేనికి ముందు అన్నదే ప్రశ్న. విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం తరఫున 2020 జనవరిలో, కర్ణాటకలోని మూడబిదిరెలో జరిగిన అఖిల భారత అంతర విశ్వవిద్యాలయ పోటీల్లో 100 మీటర్ల హర్డిల్స్ 13.03 సెకన్లలో పరుగెత్తింది. అప్పటి జాతీయ రికార్డు ఒడిశాకు చెందిన అనూరాధా బిస్వాల్ 2002లో నెలకొల్పిన 13.38 సెకన్లు. అయినా జ్యోతికి రికార్డు దక్కలేదు. ఆ పోటీల్లో ఆమెకు డోపింగ్ పరీక్ష జరగలేదు, అథ్లెటిక్స్ సమాఖ్య సాంకేతిక ప్రతినిధీ లేరు. పరుగులో లోపం లేదు, ఏర్పాట్లలో లోపం.

ఆ రికార్డు ఆమె పేరిట నమోదు కావడానికి 2022 మే వరకు ఆగవలసి వచ్చింది. 2023లో చెంగ్డూ ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడల్లో కాంస్యం గెలిచి, 2024లో పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్ళింది. ఆమె తట్టుకుని నిలబడింది. రెండేళ్ళు ఆగే స్తోమత లేక మధ్యలో మానేసిన పిల్లల పేర్లు మాత్రం మనకు ఎన్నటికీ తెలియవు.

ఇక మన ట్రస్టు సంగతి. మన నిధి పరిమితమైనది. ఫీజు కట్టలేక చదువు ఆగిపోయే బిడ్డకు ముందు సాయం అందాలి, అందులో రెండో మాట లేదు. కానీ 'ఏమైనా మిగిలితే ఆటల పిల్లలకు ఇద్దాం' అనుకుంటే ఎన్నడూ మిగలదు. అందుచేత ఏడాది ఆరంభంలోనే, ఎంత చిన్న మొత్తమైనా సరే, వారికని వేరుగా తీసి ఉంచాలని కార్యవర్గాన్ని కోరుతున్నాను. ఆట పేరు చూసి కాదు, బిడ్డ ఎన్నేళ్ళుగా సాధన చేస్తున్నదీ, విశ్వవిద్యాలయ స్థాయిలో ఆడినదీ లేనిదీ చూసి ఇవ్వాలి. బూట్లు, రైలు ఛార్జీలు, పోటీ ప్రవేశ రుసుము - ఈ చిన్న ఖర్చుల దగ్గరే చాలామంది ఆగిపోతారు. ఒక్కొక్క దాత ఒక్కొక్క విద్యార్థి ప్రయాణ ఖర్చు భరించినా చాలు.

తల్లిదండ్రులకు ఒక విషయం. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల క్రీడా కోటా జాబితాలో ఆటల సంఖ్య 2020లో 43 నుంచి 63కు పెరిగింది. మహారాష్ట్రలోని మనవాళ్ళ పిల్లలు నేర్చుకునే మల్లఖంబ్ కూడా అందులో చేరింది. తాడులాగుడు పోటీ కూడా ఉంది. కాబట్టి 'ఆ ఆటకు విలువ లేదు' అని తొందరపడి మాన్పించకండి.

విద్యార్థులారా, మీకూ ఒక మాట. ఆ కోటాలో ఉద్యోగాలు తక్కువ, పోటీదారులు ఎక్కువ. ఆట కోసం చదువును వదులుకోకండి. పోటీలకు వెళ్ళేముందు హాజరు, పరీక్షల విషయం మీ ప్రిన్సిపాల్ గారితో రాతపూర్వకంగా తేల్చుకోండి. రేపు మీరు స్థిరపడ్డాక, మీ ఆట నేర్చుకునే మరో బిడ్డకు చేయూతనివ్వండి. స్టాన్‌ఫర్డ్‌లో ఆ జట్ల కోసం ముందు నిలబడింది ఒకప్పుడు అక్కడ ఆడినవారే.