విరిగిన స్నూకర్ క్యూ: రంపం పట్టే ముందు ఇవి చూడండి

ఈరోజు వీడియోలో స్నూకర్ క్యూ జాయింట్ పోతే చేత్తో ఎలా బాగు చేయాలో చూపిస్తా. ముందే ఒక మాట చెప్తున్నా. జిగురు పెట్టి అతికించడం ఎవరైనా చేస్తారు. నిటారుగా అతికించడమే అసలు పని. ఇంకోటి, కర్రను కోయడం అన్నిటికన్నా చివర చేయాలి, ఎందుకంటే కోసింది మళ్లీ రాదు.

మా వడ్రంగి షాపు శంషాబాద్‌లో, బెంగళూరు హైవే పక్క సందులో. ఎయిర్‌పోర్ట్ దగ్గర కదా, లగేజీలో దెబ్బ తిన్న క్యూలు అప్పుడప్పుడు వస్తుంటాయి. ఇప్పుడు టేబుల్ మీద ఉన్నది ఒక తమ్ముడిది. కార్గోలో నైట్ షిఫ్ట్ చేస్తాడు. ఏడాది పాటు జీతంలో కొంచెం కొంచెం దాచి కొన్నాడు. బ్యాగేజ్ బెల్ట్ మీద కేసు తెరిచి చూస్తే జాయింట్ దగ్గర చీలి ఉంది. ఇంకో పదిహేను రోజుల్లో ఆడాల్సిన టోర్నమెంట్ ఉంది, కొత్తది కొనే డబ్బుల్లేవు. "అన్నా, పనికొస్తదా?" అని అడిగాడు.

ఇది త్రీ క్వార్టర్ జాయింట్ క్యూ. అంటే ముందు ముక్క, యాష్ కర్ర, దాదాపు 42 అంగుళాలు. వెనక బట్ 16 అంగుళాలు. మధ్యలో ఇత్తడి జాయింట్, ఒక వైపు మర, ఇంకో వైపు మర ఎక్కే బొక్క.

మొదట చూడాల్సింది, పోయింది కర్రా, జిగురా? జాయింట్ బిగించి ఇత్తడి దగ్గర వేలు పెట్టి, బట్‌ని మెల్లగా తట్టండి. గరగరమని అదిరితే చాలాసార్లు లోపల జిగురు వదిలినట్టే. అప్పుడు కోత అక్కర్లేదు. సోల్డరింగ్ ఐరన్‌ని ఇత్తడికి ఆనించి వేడి చేయండి, కర్రకు తగలకూడదు. ఎపాక్సీ మెత్తబడ్డాక తిప్పుతూ లాగితే ఇత్తడి బయటికి వస్తుంది. బొక్క శుభ్రం చేసి, ఇత్తడిని సాండ్ పేపర్‌తో గరుకు చేసి, రెండు ట్యూబుల ఎపాక్సీ పెట్టండి. ఐదు నిమిషాల్లో గట్టిపడేది వద్దు, మెల్లగా గట్టిపడేది తీసుకుని 24 గంటలు కదపకండి. సూపర్ గ్లూ అసలు వద్దు. గట్టిపడ్డాక పెళుసుగా ఉంటుంది, దెబ్బకి టక్కున వదిలేస్తుంది.

రెండోది, చీలిక. కర్ర నార వెంబడి పొడుగ్గా చీలితే మంచి వార్త. చీలికలోకి జిగురు ఎక్కించి, పాత సైకిల్ ట్యూబ్‌ని సన్నగా కోసి చుట్టూ గట్టిగా చుట్టండి. అన్ని వైపులా సమానంగా నొక్కి పట్టడానికి దానికి మించింది లేదు. అదే అడ్డంగా విరిగితే రెండు ముక్కల్నీ మొహామొహీ అతికించొద్దు. నార చివర్లు జిగురుని పీల్చేస్తాయి, అతుకు నిలవదు. ఏటవాలుగా, మందానికి ఎనిమిది పది రెట్లు పొడవుగా కోసి అతికిస్తేనే బలం.

తమ్ముడి క్యూలో ఇత్తడి చుట్టూ కర్ర నలిగిపోయింది. అందుకే కోయక తప్పలేదు, బట్ వైపు ఒక అంగుళం. రూల్ ప్రకారం క్యూ 3 అడుగులకు తక్కువ ఉండకూడదు, అంతే. కాబట్టి ఆ అంగుళం సమస్య కాదు.

కోసే ముందు రెండు ముక్కలూ బిగించి, పైన పెన్సిల్‌తో ఒక గీత గీయండి. యాష్ కర్ర మీద బాణం గుర్తుల్లా నార కనబడుతుంది కదా, చాలామంది వాటిని పైకి పెట్టుకునే గురి చూస్తారు. గీత లేకపోతే ఆ వరుస తప్పుతుంది. సన్నపళ్ల రంపంతో కోయండి. తర్వాత అద్దం ముక్క మీద సాండ్ పేపర్ అతికించి, కోసిన మొహాన్ని దాని మీద నిలువుగా రుద్దండి. చదునుగా వస్తుంది.

ఇప్పుడు బొక్క. లేత్ లేకపోతే బర్మాతో, చిన్న బిట్‌తో మొదలుపెట్టి మెల్లగా పెద్దది చేయండి. ప్రతిసారీ అందులో సన్నటి స్టీల్ కడ్డీ పెట్టి, ఒక కన్ను మూసి చూడండి. అర డిగ్రీ వంకర ఉందనుకోండి, 42 అంగుళాల చివర అది దాదాపు 9 మిల్లీమీటర్లు అవుతుంది. అంటే మీ టిప్ వెడల్పంత!

జిగురు పెట్టేటప్పుడు మరకి మైనం రాసి, రెండు ముక్కలూ బిగించే ఉంచండి. మొహాలు ఒకదానికొకటి కూర్చుంటాయి, మర అతుక్కుపోదు. మర్నాడు విప్పి, నైస్ పేపర్ కొట్టి, అవిసె నూనె పల్చగా పట్టించాలి. ఈ క్యూకి మొత్తం మూడు రోజులు పట్టింది. నిటారుగా వచ్చింది. బరువు కొంచెం మారింది కాబట్టి, టోర్నమెంట్ దాకా రోజూ గంట ఆడమని చెప్పాను.

"ఒక కర్ర కోసం ఇంతా?" అంటారా? స్టీఫెన్ హెండ్రీ 1990 నుంచి 1999 దాకా ఏడు ప్రపంచ టైటిళ్లు గెలిచింది ఒకే పాత క్యూతో. 2003లో విమాన ప్రయాణంలోనే అది విరిగింది. కొత్త క్యూతో టోర్నమెంట్లు గెలిచాడు గానీ, ప్రపంచ టైటిల్ మళ్లీ రాలేదు. క్యూ ఒక్కదాని వల్లే అని నేననను. కానీ చేయి అలవాటు పడ్డ కర్ర విలువ ఆడేవాళ్లకు తెలుసు.

ఇక ఫ్లైట్ ఎక్కేవాళ్లకు. క్యూని క్యాబిన్‌లోకి తీసుకుపోనివ్వరు, చెక్-ఇన్‌లోనే వేయాలి. మెత్తటి బ్యాగు వద్దు, గట్టి కేసు వాడండి. లోపల ముక్కలు కదలకుండా టవల్ చుట్టండి. కౌంటర్‌లో ఇచ్చే ముందు ఫోన్‌తో ఫొటోలు తీసుకోండి. దిగాక బెల్ట్ దగ్గరే కేసు తెరిచి చూడండి. దెబ్బ కనిపిస్తే బయటికి రాకముందే రాతపూర్వకంగా కంప్లైంట్ ఇవ్వండి, ఇంటికెళ్లాక చెప్తే నమ్మించడం కష్టం. మే నెల ఎండలో పార్కింగ్‌లో పెట్టిన కారులో మాత్రం క్యూని వదలొద్దు. జిగురు మెత్తబడుతుంది, కర్ర వంగుతుంది. జిగురు పోతే మళ్లీ పెట్టొచ్చు. వంగిన కర్రని సరిచేయడం మాత్రం నా వల్ల కూడా అన్నిసార్లూ కాదు.

వచ్చే వీడియోలో టిప్ మార్చడం చూద్దాం. ఉంటాను ఫ్రెండ్స్.