అమ్మాయి ఉండేది ఏ కౌంటీ?

పిల్లల్ని దూరదేశాలకు పంపిన తల్లులు మనలో చాలామందే ఉన్నారు. "మీ అమ్మాయి ఎక్కడ ఉంటుందండీ?" అని ఎవరైనా అడిగితే "టెక్సాస్‌లో" అని ఊరుకుంటాం. నేనూ అంతే. ఆ జవాబు ఎంత అరకొరదో 2017 ఆగస్టులో నాకు తెలిసివచ్చింది.

హార్వీ తుఫానుకు టెక్సాస్ మునిగిపోయిందని టీవీలో చూసి పక్కింటి పిన్నిగారు పరుగున వచ్చారు. వేళాపాళా చూడకుండా ఫోను చేశాను. అమ్మాయి నిద్రగొంతుతో, "మునిగింది హ్యూస్టన్ అమ్మా, అది హారిస్ కౌంటీ. మాది కాలిన్ కౌంటీ. మాకేం భయం లేదు, పడుకో" అంది.

మర్నాడు అట్లాసు ముందు వేసుకుని కూర్చున్నాను. టెక్సాస్ వైశాల్యం సుమారు 6,95,000 చదరపు కిలోమీటర్లు. మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కలిపితే ఎంతో, దానికి రెండున్నర రెట్లు! హ్యూస్టన్ ఆగ్నేయాన, సముద్రానికి దగ్గరగా, పళ్ళెంలాంటి నేలమీద ఉంది. అందుకే వాననీరు త్వరగా పోదు. అక్కడికి 385 కిలోమీటర్ల దూరంలో డల్లాస్. దానికి ఉత్తరాన మా అమ్మాయి కౌంటీ. పడమటికి పోతే ఎండిన నేల, కొండలు. దక్షిణాన రియో గ్రాండె నది, దాని ఆవల మెక్సికో.

ఈ రాష్ట్రంలో కౌంటీలు 254. అమెరికాలో మరే రాష్ట్రానికీ ఇన్ని లేవు. కౌంటీ అంటే మన జిల్లా వంటిదే అనుకోండి. కానీ ఎంత తేడా! బ్రూస్టర్ కౌంటీ 16,000 చదరపు కిలోమీటర్లు. డల్లాస్ పక్కనున్న రాక్‌వాల్ 400 కూడా లేదు. 2020 జనాభా లెక్కల్లో హారిస్ కౌంటీలో 47 లక్షల మంది ఉంటే, లవింగ్ కౌంటీలో 64 మందే! మన పెళ్ళిపందిట్లో ఒక్క పంక్తికి అంతకంటే ఎక్కువమంది కూర్చుంటారు కాదూ?

కౌంటీకి పెద్ద మన కలెక్టరులా నియమితుడైన అధికారి కాదు. కౌంటీ జడ్జి అంటారు గాని, జనం ఎన్నుకున్న మనిషి. శాంతిభద్రతలు చూసే షెరీఫూ అంతే. పెళ్ళి లైసెన్సు, ఇంటి దస్తావేజు కౌంటీ క్లర్కు ఆఫీసులోనే.

ఇదంతా నేర్చుకుని ధైర్యంగా ఉన్నాను. 2021 ఫిబ్రవరిలో మంచుతుఫాను వచ్చింది. "ఏ కౌంటీలోనే?" అన్నాను. "అన్నిట్లోనూ అమ్మా" అంది. నిజమే, 254 కౌంటీలకూ హెచ్చరిక జారీ అయింది. 45 లక్షలకు పైగా ఇళ్ళకూ వ్యాపారాలకూ కరెంటు పోయింది. టెక్సాస్ కరెంటు తీగలు చాలావరకు ఇరుగుపొరుగు రాష్ట్రాలతో కలవవు. అందుకే కావలసినంత అరువు దొరకలేదు. పడమటి కొసనున్న ఎల్ పాసో వేరే తీగల మీద ఉండబట్టి చాలావరకు గట్టెక్కింది.

అమ్మాయి ఫోను ఒకటిన్నర రోజు పలకలేదు. పసివాణ్ణి నాలుగు దుప్పట్లలో చుట్టి కారులో కూర్చోబెట్టుకుని, ఆ కారులోనే ఫోను చార్జి చేసుకుని, చివరికి మాట్లాడింది.

పటం చూసినందువల్ల తల్లి బెంగ తీరదండీ. కానీ ఎప్పుడు బెంగపడాలో, ఎప్పుడు పిన్నిగారికి కాఫీ ఇచ్చి కూర్చోబెట్టాలో తెలుస్తుంది. మీరు కూడా ఈసారి ఫోనులో "ఏం వండావు?" అన్న తర్వాత, "మీదే కౌంటీయే?" అని అడగండి. క్యాలెండరు మీద ఫోను నంబరు పక్కనే రాసిపెట్టుకోండి.