మంచుచరియ



విశాఖపట్టణమున సముద్రపుటొడ్డున గూర్చుండి హిమాలయమందలి మంచును గుఱించి ప్రసంగించుట కొందఱికి వింతగా దోచవచ్చును. ఈ యూరికి ఆపద వచ్చినచో సముద్రమునుండి వచ్చునుగాని మంచువలన రాదు. అయినను నేనీ విషయమెత్తికొనుటకు కారణమున్నది. నిరుడు కార్తికమాసమున మాడుగుల ప్రాంతపు రైతు నాయుడుగారొకరు తమ మనుమని వెంటబెట్టుకొని మా యింటికి వచ్చిరి. ఆ పిల్లవాని తండ్రి నా శిష్యుడు, ఉక్కు కర్మాగారమున ఉద్యోగి. పిల్లవాడు ఇంజనీరింగు చదువుచున్నాడు. పుష్యమాసమున స్నేహితులతో గూడి ఉత్తరాఖండమందలి కేదారకంఠ మెక్కవలెనని వాని కోరిక. అది సుమారు 12,500 అడుగుల శిఖరము.

"పంతులుగారూ, మంచు విరిగి మీదబడి చచ్చిపోవుదురని పత్రికలో చదివితిని. తమరు పొమ్మన్న పంపెదను, వద్దన్న మానిపించెదను" అని నాయుడుగారు భారమంతయు నా నెత్తిన బెట్టిరి. వ్యాకరణము చెప్పుకొని బ్రదికినవాడను, నాకేమి తెలియును? పది దినములు గడువడిగి, తెలిసినవారి నాశ్రయించి, పుస్తకములు తిరుగవేసితిని.

మొదటి చిక్కు మాటతోనే వచ్చినది. తెల్లవాఱుజామున గడ్డిమీద నిలుచు బిందువులు మనకు మంచే, దారి కానరాకుండ గ్రమ్మునదియు మంచే, హిమాలయమున గురియునదియు మంచే. మన లంబసింగిలో చలికాలమున గడ్డిపై తెల్లగా పేరుకొనునదియు మంచే. దానిని జూచి పట్టణపు యువకులు హిమము కురిసినదని సంబరపడుదురు. అది ఆకాశమునుండి కురిసినది కాదు, గాలిలోని తేమ గడ్డిమీదనే గడ్డకట్టినది. అమరసింహుడు హిమమునకు పెక్కు పేర్లు చెప్పి, హిమసంఘాతమునకు హిమాని యని వేఱుగా నొక పేరుంచెను. ఆ హిమాని కొండవాలునుండి విడివడి క్రిందికి దొరలుటను మన పత్రికలవారు హిమపాతమందురు, మంచు కురియుటకును అదే మాట వాడుదురు. వానకును వఱదకును ఒకే పేరు పెట్టినట్లున్నది. నేను మంచుచరియ యని వ్యవహరించెదను.

ఇది ఎట్లు విడివడునో వినుడు. కొండమీది మంచు పొరలు పొరలుగా బడును. రెండు వానల నడుమ నిర్మలమైన చలిరాత్రులు వచ్చినచో, పై పొరమీద మన లంబసింగి మంచువంటిదే సన్నని పలుకులుగా మొలచును. చూపునకు మనోహరముగా నుండును. దానిపై మఱల మంచు కురిసి దానిని గప్పివేయును. ఇక అది వాలుపలకమీద ఆవాలు చల్లి పైన దుప్పటి పఱచినట్లే. ఆ దుప్పటిపై మనుష్యుడొకడు కాలు మోపినంతనే పొరయంతయు బీటవాఱి, పెద్ద పలకగా జాఱును. మంచుచరియలలో జిక్కినవారిలో అధికసంఖ్యాకుల విషయమున ఆ చరియను గదల్చినది వారి బరువో, తోడివారి బరువో యని శాస్త్రజ్ఞులు తేల్చిరి. కొండ పగబట్టి మీద దూకుట అరుదు.

వాలు మిక్కిలి తక్కువైన మంచు జాఱదు, మిక్కిలి నిటారైన నిలువనే నిలువదు. ముప్పది మొదలు నలువదియైదు డిగ్రీలవఱకుగల వాలే ప్రమాదకరము. పెంకుటింటి కప్పును, దానికంటె కొంచెము నిటారైన దానిని తలచుకొనుడు. గాలియు పాపములో భాగస్వామియే. తూర్పారబట్టునపుడు పొట్టు గాలివాటున బోయి ఒకచోట కుప్పబడునట్లు, శిఖరపు ఈవలి మంచు ఆవలి చాటున బోయి పేరుకొనును. ఆ చాటు నెమ్మదిగా నున్నదని నడచినవాడు చెడును. క్రొత్తమంచు కురిసిన తరువాతి ఒకటి రెండు దినములు మఱింత అపాయకరములు. కడుచలిలో బలహీనపు పొర త్వరగా గట్టిపడదు, వారములకొలది పొంచియుండును.

భారతమున మహాప్రస్థానపర్వమందు ఉత్తరదిశకు నడచినవారిలో మొదట గూలినది ద్రౌపది. ఆమె పేరనే ఉత్తరకాశి ప్రాంతమున ద్రౌపదీ కా డండా యను శిఖరమున్నది. 2022 అక్టోబరు 4వ తేదీ, మహర్నవమి నాడు, నెహ్రూ పర్వతారోహణ సంస్థకు చెందిన శిక్షార్థులు శిఖరసమీపమున మంచుచరియలో జిక్కిరి. 27 మందికి పైగా మరణించిరి. అదే సంవత్సరము మే నెలలో ఎవరెస్టు నెక్కి వచ్చిన సవితా కంస్వాల్ అను శిక్షకురాలును వారిలో నున్నది. విద్య నేర్పువారికే తప్పలేదు.

2016 ఫిబ్రవరి 3వ తేదీన సియాచిన్‌లో 19,000 అడుగులకు పైని కావలిచోట మద్రాసు రెజిమెంటువారు పదిమంది మంచుక్రింద బూడుకొనిరి. వారిలో మన కర్నూలు జిల్లా సిపాయి యొకడు. ఆఱు దినములకు ద్రవ్వి తీయగా లాన్స్ నాయక్ హనుమంతప్ప ఊపిరితో దొరకెను. దేశమంతయు దేవుళ్లకు మ్రొక్కెను. 11వ తేదీన ఆతడును పోయెను. అట్టిది లక్షకొక్కటి. సాధారణముగా పావుగంటలోపల ద్రవ్వి తీసినవారిలో పెక్కుమంది బ్రదుకుదురు, అరగంట దాటెనా మూటిలో రెండు పాళ్లు దక్కరు. నిలిచిన మంచు సున్నపుగచ్చువలె బిగియును, చేతులతో ద్రవ్వరాదు. కావున ప్రక్కనున్న తోడివాడే రక్షకుడు. వానియొద్ద పాఱ, పొడిచిచూచు పొడుగుకడ్డీ, పూడినవాని జాడ దెలుపు చిన్నయంత్రము ఉండవలెను.

మంచొకటే శత్రువు కాదు. నెల్లూరు జిల్లా మల్లి మస్తాన్‌బాబు 2006లో ఏడు ఖండముల మహాశిఖరములను 172 దినములలో నెక్కినవాడు. 2015 మార్చిలో ఆండీస్ పర్వతములలో పోయెను.

మన రేవున తుపాను హెచ్చరిక 1 మొదలు 11 వఱకు సంఖ్యలతో నెగురవేయుదురు. పలు పర్వతదేశములలో మంచుచరియలకును ఐదు మెట్ల హెచ్చరిక గలదు. మన దేశమున రక్షణశాఖవారి సంస్థ చండీగఢునుండి ప్రకటించును. ఐదవ మెట్టుననే జనము చత్తురనుకొందుము. అట్లుగాదు. మూడవ మెట్టున్ననాడే ఎక్కువమంది చత్తురట. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చునపుడు వేటకు బోవలెనని యెవడనుకొనును? చిన్న సంఖ్య ఎగిరిననాడే, పోయి వత్తములే యని పడవ త్రోయుదురు.

కేదారనాథుని గుడిని కార్తికమున మూసి, ఉత్సవమూర్తిని ఊఖీమఠమునకు దించుకొని వత్తురు. స్వామియే దిగివచ్చు కాలమున నీవెక్కెదవా యని పిల్లవాని నడిగితిని. వాడు నవ్వెను. కేదారకంఠపు దారి చాలవఱకు అడవిలోనిది, మంచుచరియల భయము తక్కువది యని నేనును తెలిసికొనియే యుంటిని. పొమ్మంటిని. "అయితే నాయనా, దారి చూపువానికి పర్వతవిద్య వచ్చునా? మంచు కురిసినచో ఒకదినము ఆగునా? తిరుగుమన్న తిరుగుదురా? ఈ మూడును వానినే అడిగి రమ్ము" అంటిని. మొదటి బృందమువాడు, శిఖరము తప్పక చేర్చెదము, మీకెందుకు భయము అనెనట. దానిని మానిపించి వేఱొకరితో బంపితిమి.

శిఖరమెక్కవలసిన దినమునకు ముందు రాత్రియంతయు మంచు కురిసెను. నాయకుడు వారినొకదినము గుడారములలో కూర్చుండబెట్టి, మఱునాడును మబ్బు విడకపోగా, క్రిందికి దింపెను. పిల్లవాడు ముఖము వ్రేలవేసికొని వచ్చెను. "పైకము పోయె, కొండయు ఎక్కకపోతివి" అని తాతగారు దెప్పుచుండిరట. ఈ యేడు మఱల బోవుటకు తగవు. మొన్న ఇద్దఱును మా యింటికి వచ్చిరి. నేను నోరు తెఱవకముందే నాయుడుగారు మనుమనివైపు దిరిగి, "అక్కడ మంచుబడి యెన్నాళ్లయినదిరా?" అని యడిగిరి.